పని విషం

నాకు మొదటినుంచీ భయం ఎక్కువ. పొయ్యి ఆర్పానో లేదో అని సగం మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతాను. ఫోను మోగితే చాలు, ఎవరికేమైందో అని అరచేతులు చల్లబడతాయి. "నీకు భయపడటానికి ఏమీ దొరక్కపోతే, ఎందుకు దొరకలేదా అని భయపడతావే" అంటాడు మా ఆయన.

ఆయన ఫర్నిచర్ షెడ్డులో పాలిష్ పని చేస్తాడు. మంచాలకీ బీరువాలకీ లప్పం పట్టించి, గరుకు కాగితంతో రుద్ది, టిన్నరు కలిపిన రంగు గన్నుతో కొడతాడు. ఆ షెడ్డు ఓనరే నాకు సోఫా కవర్లు కుట్టే పని ఇస్తాడు. కిటికీ పక్కన మిషను వేసుకుని ఇంట్లోనే కుడతాను. మాకు ఒక్కతే కూతురు. బంగారం అని పిలుచుకుంటాం. ఐదేళ్ళు నిండినా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడదు. ఆటిజం అన్నారు. అది రోగం కాదు, తన తీరు అది, నేర్పితే నేర్చుకుంటుంది అని కూడా అన్నారు. మొదటి మాట చెవిలో పడ్డాక రెండోది నాకు సరిగ్గా వినపడలేదు.

పాపకి మాటలు నేర్పే టీచరు దగ్గరికి వెళ్ళినప్పుడు, బయట బెంచీ మీద పరిచయమైన ఒకావిడ నన్ను ఫోన్లో ఒక గ్రూపులో చేర్చింది. అందరూ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే. మొదట్లో ప్రాణం లేచొచ్చింది. మా వాడు జుట్టు కత్తిరించనివ్వడు అని ఒకరంటే, మా అమ్మాయీ అంతే అని పదిమంది పలికేవారు. పోన్లే, నేనొక్కదాన్నే కాదు అనుకునేదాన్ని.

తర్వాత్తర్వాత ఆ గ్రూపు వేరేగా మారింది. పిల్లలకు ఇలా ఎందుకు వచ్చింది అన్న దగ్గర అందరూ చీలిపోయారు. పేర్లకంటే కారణాలతోనే మనుషులు గుర్తుండేవారు. ప్లాస్టిక్ అక్క అంతా డబ్బాల వల్లే అనేది. నీళ్ళక్క బోరునీళ్ళంటేనే మండిపడేది. టవర్ అన్నయ్య సెల్ టవర్ల ఫోటోలు పెట్టేవాడు, అవీ సెల్ ఫోనుతో తీసినవే. జీన్స్ మాస్టారు అని ఇంకొకాయన ఉండేవారు. "ఇది చాలావరకు జీన్స్ వల్ల వస్తుంది" అని ఆయన రాస్తే, "మా పాపకి నేను ఎప్పుడూ జీన్స్ వెయ్యలేదండీ, గౌన్లే" అని జవాబిచ్చాను. గ్రూపంతా నవ్వు బొమ్మలు. అమ్మానాన్నల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాల సంగతి ఆయన చెప్తున్నారని తర్వాత మా ఆయన వివరించాడు. అయినా ఆ మాట నాకు నచ్చలేదు. మా ఇద్దరిలోంచే వచ్చిందంటే ఇక ఎటు పారిపోవాలి? బయటినుంచి వచ్చిందంటే కనీసం తలుపేసుకోవచ్చు.

అందుకే ఎవరేం చెప్తే అది మానేశాను. ప్లాస్టిక్ డబ్బాలు తీసేశాను. నీళ్ళు మరగబెట్టాను. ఫోను వంటింటి గట్టు మీద పెట్టి, అక్కడే నిలబడి గ్రూపు చదివేదాన్ని. ఏది మానేసినా, ఇంకోటేదో మిగిలిపోయిందనే అనిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం దిండు గలీబుకి జిప్పు వేస్తుంటే టీచరు నుంచి మెసేజి వచ్చింది.

"పాప నాన్నగారి పని విషం మాట్లాడాలి. శుక్రవారం ఇద్దరూ రండి."

మిషను ఆపేశాను. మళ్ళీ చదివాను. పని విషం. అక్షరాలు కూడబలుక్కుని చదివినా అదే. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆఫీసులో అడిగితే మేడమ్ ఏదో శిక్షణకి వేరే ఊరు వెళ్ళారు, శుక్రవారమే వస్తారు అన్నారు. "ఏం విషం మేడమ్?" అని రాశాను. రెండు గీతలు పడ్డాయి గానీ నీలం కాలేదు.

ఇంకెవరిని అడగను? ఆ మెసేజిని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "మా ఆయన పాలిష్ పని చేస్తారు. పాప టీచరు ఇలా పంపారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అని రాశాను.

కుండ పగిలినట్టయింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, రసాయనాలే అని!" ప్లాస్టిక్ అక్క.

"పాలిష్‌లో కలిపేది కూడా నీళ్ళేగా" నీళ్ళక్క.

"నీళ్ళు కాదమ్మా తల్లీ, టిన్నరు. ఏ పాపం తెలియని నీళ్ళని కాసేపు వదిలెయ్యండి" ఇంకెవరో.

"ఒక్క వాక్యం చూసి తీర్పు ఇవ్వకండి. ఆ టీచరుతో మాట్లాడేదాకా ఆగండి" అని జీన్స్ మాస్టారు.

"మీరు ఎవరు చెప్పినా ఆగమంటారు. మీ జీతం ఏ రంగుల కంపెనీ ఇస్తోంది మాస్టారూ?" టవర్ అన్నయ్య.

"నేను లెక్కలు చెప్పుకుని బతుకుతున్నా నాయనా."

"అమ్మా, ఆయన బట్టలు పాపకి తగలనిస్తున్నారా?" అని ఎవరో నన్నడిగారు.

తగలనివ్వడమేమిటి? మా బంగారానికి నిద్ర పట్టాలంటే నాన్న పనిచొక్కా కావాలి. ఆయన ముఖం చూడదు, ఆయన పిలిస్తే పలకదు, కానీ ఆయన రాగానే వెళ్ళి చొక్కా అంచు పట్టుకుని ముక్కుకి ఆనించుకుంటుంది. అలాగే కళ్ళు మూతలు పడతాయి. అది చూసి మేమిద్దరం ఎంత మురిసిపోయేవాళ్ళమో. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే, నేను నవ్వుతూ చూస్తుండగానే, పాప దాన్ని పీలుస్తోంది.

సాయంత్రం ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడగానే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కడే ఆగండి."

"ఏంటే, ఓనరు కవర్లు వెనక్కి పంపాడా?"

"చొక్కా విప్పి బయట బకెట్లో వెయ్యండి. లోపలికి రాకండి."

"మెట్ల మీద బట్టలు విప్పమంటావా? పైవాళ్ళు చూస్తే సినిమా అనుకుంటారు." నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. ఫోను చేయి చాపి చూపించాను. చదివాడు. ఆయన చదువు నాకంటే రెండు తరగతులు ఎక్కువ. ఆయనకీ అదే కనిపించింది.

"టీచరమ్మే రాసిందా?"

"ఇంకెవరు రాస్తారు?"

అంతలో పాప నా కాళ్ళ సందులోంచి దూరి చొక్కా కోసం చేయి చాపింది. నేను దాన్ని వెనక్కి లాగేశాను. పాప పెట్టింది అరుపు కాదు, కేక. గోడకి నుదురు కొట్టుకుంది. ఎత్తుకుంటే నా భుజం కొరికింది. ఆయన రెండడుగులు వేసి గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రావాలా వద్దా అని నా వైపు చూశాడు. నేను రమ్మనలేదు.

"సరే. శుక్రవారం దాకా షెడ్డులో పడుకుంటాలే" అన్నాడు. "దానికి అన్నం పెట్టు."

అలా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. స్నానం చేసి రమ్మందామని నోటిదాకా వచ్చింది. స్నానంతో పోతుందో లేదో ఎవరు చెప్తారు?

పనిచొక్కాలన్నీ మూట కట్టి మిద్దె మీద పెట్టాను. దుప్పట్లు ఉతికాను. ఇల్లంతా సబ్బునీళ్ళతో కడిగాను. పాప మాత్రం మంచం కిందా తలుపు వెనకా వెతుక్కుంటూ తిరిగింది. తినలేదు. నా చీర చెంగు వాసన చూసి విసిరికొట్టింది. నేను మిషను కింద గరుకు కాగితం ముక్క ఒకటి చూసి, పాము మీద కాలేసినట్టు ఉలిక్కిపడి, చీపురుతో బయటికి తోసేశాను.

మర్నాడు కవలల అమ్మ ఫోన్ చేసింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు, గ్రూపులోనే పరిచయం. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరికీ ఆటిజం. భర్త కార్లకి రంగు కొడతాడు.

"అక్కా, మీ టీచరు రాసింది నిజమేనా?"

"నా ఫోనుకే వచ్చింది."

"మా ఆయనది కూడా అదే టిన్నరు కదా అక్కా. పిల్లలు ఇద్దరూ ఆయన మీదే పడుకుంటారు." వెనక పిల్లల గోల వినపడుతోంది. "అమ్మావాళ్ళ ఊరు వెళ్ళిపోదామనుకుంటున్నా. ఆయనకి చెప్తే గొడవ. చెప్పకుండా వెళ్తే తప్పంటావా?"

ఆగు, శుక్రవారం దాకా ఆగు అని చెప్పాలి. మాస్టారు గ్రూపులో చెప్పిన మాటే అది. కానీ నా మొగుణ్ణి నేనే గడప తొక్కనివ్వలేదు. "పిల్లలు ముఖ్యం కదమ్మా" అన్నాను.

శుక్రవారం పొద్దున షెడ్డుకి ఫోన్ చేస్తే, తను రానన్నాడు. "బస్సులో దాని పక్కన కూర్చోవాలి. నువ్వే వెళ్ళి కనుక్కో. ఏదైతే అదే చెప్పు, దాచకు."

టీచరు గది చిన్నది. నేలంతా మెత్తని చాపలు, గోడకి అద్దం, ఒక పొట్టి బల్ల, మూల బుట్టలో బొమ్మలు. ఆవిడ ఒళ్ళో ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని, ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని ఎవరికో మెసేజి చెప్తున్నారు. చేతులు ఖాళీ లేనప్పుడు అంతేనట, ఆవిడ చెప్తుంటే ఫోను రాసుకుపోతుంది. వాణ్ణి వాళ్ళమ్మకి అప్పగించి మా వైపు తిరిగారు.

"ఏమ్మా, నాన్నగారు రాలేదా? ఆయన కోసమే పిలిచాను."

"మేడమ్, మీరు రాసిన విషం ఏంటి? ఆయన పనిలో ఏముంది? ఎంత ఎక్కింది? ఇంక దిగదా?"

"ఏం విషం?"

ఫోను ముందు పెట్టాను. ఆవిడ చదివి, రెండో చేత్తో నోరు మూసుకున్నారు.

"అయ్యో. ‘పని విషయం’ అన్నానమ్మా. విషయం. య పడలేదు."

నేను ఫోను లాక్కుని మళ్ళీ చదివాను.

"ఈ ఫోను అంతేనమ్మా. మొన్న ఒకాయనకి మెత్తటి బంతి తెమ్మంటే మెత్తటి బండి తెమ్మని వెళ్ళింది. పాపం, బొమ్మ కారుకి దూది చుట్టి తెచ్చాడు." నవ్వబోయి, నేను చాప మీద కూలబడ్డం చూసి, మంచినీళ్ళు ఇచ్చారు. "నాదే పొరపాటు. చూసి పంపాల్సింది. మీరు పెట్టింది కూడా ఊరెళ్ళిన హడావిడిలో చూడలేదు."

"మరి ఆయన పని విషయం మీకెందుకు మేడమ్?"

ఆవిడ బుట్ట దగ్గరికి వెళ్ళి ఒక చెక్కముక్క తెచ్చారు. "పోయినవారం మీ పాప ఈ బల్ల అంచు పట్టుకుని అరచేత్తో రుద్దింది. ఒకే వైపుకి, పొడుగ్గా. ఆగి ఉఫ్ అని ఊదింది. తర్వాత వేళ్ళ వెనకవైపుతో తడిమి చూసింది. ఇది ఎవరు చేస్తారమ్మా మీ ఇంట్లో?"

దుమ్ము ఊది, వేళ్ళు తిరగేసి నునుపు చూసుకోవడం మా ఆయన అలవాటు. సెలవురోజు ఇంట్లో స్టూలో పీటో ముందేసుకుని రుద్దుతూ కూర్చునేవాడు. పాప గోడకేసి చూస్తూ ఉండేది. చూడట్లేదనే అనుకున్నాం.

"ఒకరు చేసింది చూసి తనూ చెయ్యడం, దానికోసమే కదా ఇన్నాళ్ళూ మనం కొట్టుకుంటోంది. మనకి దొరికిన మొదటి దారి ఇది. ఆయన్ని తీసుకురండి. ఇద్దర్నీ ఒక చెక్కముక్క ముందు కూర్చోబెడదాం. రంగూ టిన్నరూ ఏమీ వద్దు, ఉత్త చెక్క."

పాప బుట్ట దగ్గర వీపు తిప్పుకుని కూర్చుంది. నుదుటి మీద గోడకి కొట్టుకున్న చోట వాపు ఇంకా తగ్గలేదు. అక్కడే అడిగేశాను. అడగకుండా ఉండే దాన్ని కాను.

"విషం అని మీరు అనలేదు సరే. కానీ కాదు అని చెప్పగలరా మేడమ్? ఆ పని వల్ల రాలేదని?"

ఆవిడ చెక్కముక్కని చాప మీద పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. వెంటనే కాదు అనేసి ఉంటే బాగుండేది.

"చాలావరకు కడుపులో ఉన్నప్పటినుంచే, ఇంకా చెప్పాలంటే మనలోంచే వస్తుందని తేలింది. గాలీ రసాయనాలూ అంటూ ఇంకా వెతుకుతున్నారు. కానీ ఒక పాపని చూపించి దీనివల్లే వచ్చింది అనిగానీ, రాలేదనిగానీ ఎవరూ చెప్పలేరమ్మా. నేనూ చెప్పలేను. టిన్నరు వాసన ఎవరికీ మంచిది కాదు. ఆయన మంచి మాస్కు పెట్టుకోవాలి, ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని పాపని ఎత్తుకోవాలి. చొక్కా కావాలంటే ఉతికింది ఇవ్వండి. అంతకుమించి మనిషిని దూరం పెట్టక్కర్లేదు."

బయట బెంచీ మీద కూర్చుని గ్రూపులో రాశాను. నోటితో చెప్పకుండా ఒక్కో అక్షరం నొక్కాను. "అది విషం కాదు. విషయం. ఫోను తప్పు రాసింది. మేడమ్ స్వయంగా చెప్పారు. దయచేసి నా పాత ఫోటో ఎవరికీ పంపకండి."

"ఒక్క అక్షరమా?" అని ప్లాస్టిక్ అక్క నవ్వు బొమ్మ పెట్టింది.

"బెదిరించారా అమ్మా? భయపడకుండా చెప్పండి, మేమున్నాం" అని టవర్ అన్నయ్య.

"టీచరు ముందు నిజం రాసేసి, తర్వాత రంగుల కంపెనీ ఓనర్లు ఫోన్ చేస్తే మాట మార్చి ఉంటారు" అని ఇంకెవరో.

"తల్లి స్వయంగా చెప్తోంది కదా, వినండి" అని మాస్టారు. ఆయన మీద మళ్ళీ పడ్డారు.

కవలల అమ్మ ఏమీ రాయలేదు. పేరు కోసం వెతికితే ఆమె గ్రూపులో లేదు. ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. ఆ ఇద్దరు పిల్లలు ఏ బస్సులో ఉన్నారో, నాన్న కోసం ఎలా కేకలు పెడుతున్నారో, తెలియని ఊళ్ళో చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి పరిగెత్తితేనో. నా బుర్ర ఎప్పుడూ చెడ్డవైపుకే పరిగెడుతుందని నాకు తెలుసు. ఈసారి అది తప్పని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

పాపని తీసుకుని తిన్నగా షెడ్డుకి వెళ్ళాను. రేకుల కప్పు, ముందు సగం వడ్రంగిది, వెనక సగం మా ఆయనది. వడ్రంగి నన్ను చూసి రంపం ఆపాడు. ఎప్పుడూ "ఏమ్మా చెల్లెమ్మా, మా బావ జీతమంతా నీ మిషను సూదులకేనా" అని ఏడిపించే మనిషి, ఈసారి నవ్వలేదు.

"మా మరదలి ఫోనుకి వచ్చిందమ్మా. పాలిష్ పనిలో విషం ఉందని పెద్ద డాక్టర్లు చెప్పారంట. నిజమేనా? మా బావకి చూపించాను."

"టీచరు రాసింది. డాక్టర్లు కాదు. అదీ తప్పు."

"ఫోటో ఉందిగా?"

"అది నేను పెట్టిందే అన్నయ్యా. విషయం అనబోయి విషం అని పడింది."

అర్థమైనట్టు తలూపాడు గానీ, ముక్కుకి కట్టుకున్న గుడ్డ మాత్రం విప్పలేదు. ఇదివరకెప్పుడూ అతను గుడ్డ కట్టుకోగా చూడలేదు.

మా ఆయన వెనక తలుపు దగ్గర కుళాయి కింద చేతులు తోముకుంటున్నాడు. బట్టల సబ్బు, కొబ్బరిపీచు. మోచేతుల దాకా చర్మం ఎర్రబడి వేళ్ళ సందుల్లో పగిలిపోయింది. గడ్డం గీసుకోలేదు. నేను గబగబా అంతా చెప్పాను. య పడలేదన్నాను. పాప బల్ల రుద్దిందన్నాను, ఉఫ్ అని ఊదిందన్నాను, వేళ్ళు తిరగేసి చూసుకుందన్నాను. ఉత్త చెక్కతో రమ్మన్నారన్నాను. ఆయన అంతా విన్నాడు. కుళాయి కట్టలేదు.

"కాదు అని చెప్పిందా?" అన్నాడు.

"ఏది?"

"నావల్ల కాదు అని. గట్టిగా చెప్పిందా?"

దాచకు అని తనే అన్నాడు. "ఎవరూ చెప్పలేరంట" అన్నాను.

"ఊఁ." మళ్ళీ పీచు తీసుకున్నాడు. "మరి నేను మాత్రం ఎలా ముట్టుకోనే?"

"మేడమ్ చెప్పారండీ, కడుక్కుంటే చాలంట."

"కడుగుతూనే ఉన్నా. ఇదిగో, వాసన చూడు. పోయిందా? నాకు తెలీట్లేదు. ఇన్నేళ్ళు అందులోనే ఉన్నాను కదా, నా ముక్కుకి ఏదీ తెలీదు."

అప్పుడు నాకు అసలు భయమేమిటో తెలిసింది. ఇంతకాలం నా భయం నా ఒక్కదానిదే. ఆయన నవ్వి దాన్ని ఒక మూల కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు ఆ నవ్వే మనిషి లేడు. నా భయాన్ని నేనే ఫోటో తీసి ఊరంతా తిప్పి, ఆఖరికి ఆయన చేతికి ఇచ్చాను.

బంగారం నా చెయ్యి విడిపించుకుంది. ముఖం చూడలేదు, నవ్వలేదు. తిన్నగా వెళ్ళి ఆయన పొట్టకి ముఖం ఆనించింది. ఆయన కెవ్వున అరిచినట్టు "తీసుకో, దీన్ని తీసుకో" అన్నాడు. తడి చేతులు రెండూ తలపైకి ఎత్తేశాడు, దొంగని పోలీసు నిలబెట్టినట్టు. నీళ్ళు మోచేతుల మీదుగా కారి పాప జుట్టు మీద పడుతున్నాయి. పాప కదల్లేదు. చొక్కా గుప్పిట పట్టి ఊపిరి పీల్చుకుంటోంది.

"చేతులు దించండి" అన్నాను.

"వద్దే."

"దించండి. నేను చెప్తున్నాగా."

"రేపు ఏదైనా తెలిస్తే? పదేళ్ళ తర్వాత ఎవడో నిజమే అని చెప్తే? అప్పుడేం చేస్తాం?"

దగ్గరికి వెళ్ళి ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాను. బిగుసుకుపోయింది. కిందికి లాగాను. ఆయన పైకి లాగాడు. వడ్రంగి చూస్తున్నాడని తెలుసు, అయినా వేలాడినంత పని చేశాను. చివరికి ఆ చెయ్యి మెల్లగా దిగి పాప తల మీద వాలింది. ఆనీ ఆననట్టు, కాలుతున్న పెనం మీద పెట్టినట్టు. రెండో చెయ్యి పైనే ఉంది.

ఆ చేతిని కూడా దించుదామని చూస్తే, అప్పుడు తెలిసింది, షెడ్డులోకి అడుగుపెట్టినప్పటినుంచీ నేను ఊపిరి సగం సగమే పీలుస్తున్నానని. నోరు గట్టిగా మూసుకుని ఉన్నాను. ఆయన అది చూశాడు. నేను ఆయన కళ్ళలోకి చూస్తూ, టిన్నరూ లప్పం దుమ్మూ తడిచెక్కా కలిసిన ఆ గాలిని గుండె నిండా పీల్చుకుని, రెండో చెయ్యి అందుకున్నాను.